పడని విమానం పడిన ఇల్లు

నాసరమ్మ వసారాలో కాళ్లు చాపుకుని, చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. పొయ్యి మీద దోసకాయ పప్పు ఉడుకుతోంది. పెరట్లో ఆమె భర్త పున్నయ్య గేదెని కడుగుతూ, ఇంట్లో మనుషులతో మాట్లాడని మాటలన్నీ దాంతో మాట్లాడుతున్నాడు.

ఆ వసారా, వెనక రెండు గదులు, పైన స్లాబు, అన్నిటికీ కలిపి ఏడాది వయసు. మూడేళ్ల మిరప పంట ఆ గోడల్లోకి పోయింది. స్లాబు పోశాక ఇరవై ఒక్క రోజులు దాని మీద చిన్న చిన్న మడులు కట్టి నీళ్లు నిలబెట్టింది నాసరమ్మే. బిందెలు మోసి మోసి మెడ పట్టేసింది గాని ఒక్క పూట కూడా దాన్ని ఎండనివ్వలేదు. అందుకే ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్లిచ్చే ముందు తల పైకెత్తి చూడమంటుంది. ఒక్క చార కనబడితే చెప్పమంటుంది. ఇప్పటిదాకా ఎవరికీ కనబడలేదు.

గుండ్లవాగుపాలెం మీదుగా మంగళవారం, శుక్రవారం పొద్దున పదకొండూ నలభై ప్రాంతంలో ఒక చిన్న విమానం పోతుంది. దాని చప్పుడు విని అన్నానికి ఎసరు పెట్టేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. ఆ మంగళవారం చప్పుడు ఎసరుకి సరిపోయేలా లేదు. మరీ దగ్గరగా ఉంది. నాసరమ్మ చేట పక్కన పెట్టి వీధిలోకి వచ్చేసరికి విమానం ఆమె స్లాబు మీదుగా ఒక చుట్టు తిరిగి, ఊరి చివర పాత రన్‌వే వైపు దిగుతోంది.

ఆ రన్‌వే ఎప్పుడో యుద్ధం రోజుల్లో దొరలు పోసి వదిలేసింది. అప్పట్నుంచీ అది ఊరికి మిరపకాయలు ఎండబెట్టుకునే కళ్లం. ఏ ఇంటివాళ్లు ఎంతమేర ఆరబోసుకోవాలో సున్నంతో గీతలు కూడా ఉన్నాయి. ఆడవాళ్లు కేకలు పెడుతూ కాయలు ఆరబోసిన టార్పాలిన్ పట్టాలు లాగారు. లాగలేని చోట విమానం కాయల మీద నుంచే పోయి ఆగింది. తలుపు తీసేసరికి లోపలున్న పద్దెనిమిది మందీ తుమ్ముతున్నారు. అది తప్పితే ఎవరికీ ఏమీ కాలేదు.

రన్‌వేకి దగ్గరి ఇల్లు నాసరమ్మదే కాబట్టి పైలట్ మజ్జిగ తాగడానికి అక్కడికే వచ్చాడు. పాతికేళ్లు దాటి ఉండవు.

"ఏమైంది నాయనా?"

"తలుపు సరిగ్గా పడలేదని ఒక దీపం వెలిగిందమ్మా."

"పడలేదా మరి?"

"పడింది. దీపం తీగే వదులైంది."

"మరెందుకు దిగావు?"

"దీపం వెలిగితే ముందు దిగాలమ్మా. దిగాకే చూసుకోవాలి."

నాసరమ్మకి ఆ మాట నచ్చింది. "మంచి పని చేశావు. మాడు వాసనొస్తే నేనూ అంతే. ముందు గిన్నె దించుతా. మూత తర్వాత తీస్తా," అని ఇంకో గ్లాసు మజ్జిగ పోసింది.

మర్నాడు ఒక మెకానిక్ వచ్చి తీగ బిగించాడు. విమానం లేచిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. సంగతి అక్కడితో అయిపోవాలి. అయిపోయేదే, విమానం అలా ముందుజాగ్రత్తగా దిగినప్పుడు నింపవలసిన ఫారం ఒకటి లేకపోతే.

ఆ ఫారంలో పందొమ్మిదో గడి "ముందుజాగ్రత్త వలన నివారింపబడిన ప్రమాదము యొక్క వివరములు" అని ఉంటుంది. ఎవరో ఉద్యోగి అందులో "ఏమీ లేదు" అని రాసి పైకి పంపాడు. పైనుంచి అది ఎర్ర సిరాతో తిరిగొచ్చింది: "ఏమీ లేనిదానిని నివారించుట ఎట్లు? వివరింపుడు."

వివరించడానికి నివారిత ప్రమాద విచారణ సంఘం ఏర్పడింది. పది రోజులకి మూడు జీపుల్లో ఊళ్లోకి దిగింది. దాని అధ్యక్షులు విద్యాధరరావుగారు చేతిలో కాగితం లేకపోయినా కాగితం చదువుతున్నట్టే మాట్లాడతారు. ఆయన వెనకే పరంధామయ్య అనే గుమాస్తా ఉంటాడు. ఈ గుమాస్తా చేతిలో కాగితం ఎప్పుడూ ఉంటుంది.

పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. అధ్యక్షులవారు లేచారు.

"మనము ముందుజాగ్రత్త పడితిమి. అనగా ప్రమాదము ఉండి ఉండవలెను. ఉండి ఉండిన ఆ ప్రమాదము ఎచ్చట ఉండి ఉండునో తేల్చుటయే ఈ సంఘము యొక్క కర్తవ్యము."

ఎవరికీ అర్థం కాలేదు గాని గంభీరంగా ఉందని అందరూ తలలూపారు.

మూడు రోజులు లెక్కలు కట్టారు. దీపం చెప్పింది నిజమే అయి ఉంటే, తలుపు ఊడి ఉంటే, పైలట్ దిగకుండా ఉంటే, గాలి పడమటి నుంచి వీచి ఉంటే, అంటూ ఒక మ్యాపు మీద గీత గీశారు. ఆ గీత రన్‌వే చివర బయల్దేరి, గడ్డివాములు దాటి, పంచాయతీ కుళాయి దాటి, సరాసరి వచ్చి నాసరమ్మ ఇంటి మీద ఆగింది.

నాలుగో రోజు పొద్దున్నే మనుషులొచ్చి ముగ్గుపిండితో విమానం బొమ్మ వేశారు. ముక్కు వంటింట్లో. ఒక రెక్క గేదెల కొట్టంలో. రెండో రెక్క వసారా దాటి పక్కింటి వైపు. తోక పెరట్లో బొప్పాయి చెట్టు దగ్గర. గీసినవాడెవడో గాని చేయి తిరిగినవాడు. ఎక్కడా వంకర లేదు.

పక్కింటి ఆదెమ్మ గోడ మీదుగా తొంగి చూసింది. "ఏందయ్యా, రెక్క మా గోడ దాకా వచ్చి ఆగిపోయిద్దా? అదేం రెక్క?"

"నాలుగడుగులు తక్కువ పడినదమ్మా," అన్నాడు పరంధామయ్య.

"ఇంకోసారి కొలవండి. విమానమన్నాక కాస్త అటూ ఇటూ జరగదా?"

ఆయన టేపు పట్టి మళ్లీ కొలిచాడు. నాలుగడుగులే. ఆదెమ్మ మొహం చిన్నబుచ్చుకుంది. "చావులో కూడా మీదే పెద్దరికం వదినా," అని తలుపేసుకుంది. తర్వాత నాలుగు రోజులు నాసరమ్మతో మాట్లాడలేదు.

ఆ పైన చీటీలు అంటించడం మొదలైంది. పసుపు చీటీ మీద "పగులును". ఎర్ర చీటీ మీద "కాలును". తెల్ల చీటీ మీద "మిగులును". పరంధామయ్య ఒక్కో వస్తువునీ తట్టి చూసి, ఆలోచించి, అంటిస్తున్నాడు. ఇత్తడి బిందె మిగిలింది. నవారు మంచం కాలింది. అటక మీది జాడీ దగ్గర ఆగాడు.

"ఇందులో ఏముందమ్మా?"

"ఆవకాయ."

"పగులును."

"అంచనాకైనా ఆవకాయ జాడీ పగలగొడతారా ఎవరన్నా? చేతులెట్టా వస్తాయయ్యా మీకు?"

"నేను పగలగొట్టుట లేదమ్మా. విమానము పగలగొట్టును."

మనుషులకి కూడా చీటీలున్నాయి. విమానం పడి ఉండే వేళకి వసారాలో రాళ్లు ఏరుతున్నందుకు నాసరమ్మకి "మృతి (అంచనా)". పెరట్లో ఉన్న పున్నయ్యకి "స్వల్పగాయము". గేదె కొమ్ముకి "తప్పించుకొనును" అని కట్టారు.

పున్నయ్యకి రోషమొచ్చింది. "తాడు పట్టుకున్నోణ్ణి నేను. గేదె తప్పించుకుంటే నేనెందుకు తప్పించుకోనయ్యా?"

"చప్పుడును గేదె ముందుగా గ్రహించునని పశువైద్యుల అభిప్రాయము."

"నన్నొదిలేసి పోయిద్దంటావా అది?"

"అభిప్రాయము వారిది," అన్నాడు పరంధామయ్య.

"మరి ఆ విమానంలో ఉన్నోళ్లు? వాళ్లకి చీటీల్లేవా?"

"వారు గగనతల విభాగము. మాది భూతల విభాగము. వారి ప్రమాదము వేరు, ఫైలు వేరు."

చివరికి అధ్యక్షులవారు స్వయంగా వచ్చి తల పైకెత్తారు. చార ఉందేమో చూస్తున్నారనుకుని నాసరమ్మ సంబరంగా దగ్గరికి వచ్చింది. ఆయన "స్లాబు రెండు ముక్కలగును" అన్నారు.

చచ్చిపోయావన్నప్పుడు కూడా నాసరమ్మకి అంత బాధ కలగలేదు. "రెండు ముక్కలా! ఇరవై ఒక్క రోజులు నీళ్లు కట్టానయ్యా."

"ఏడు టన్నుల బరువమ్మా."

"ఏడైతే ఏంది, పదైతే ఏంది? చీలిద్దేమో గాని ముక్కలు కాదు. చీలును అని రాసుకోండి."

అధ్యక్షులవారు సంఘం ఇంజనీరు చెవిలో ఏదో అన్నారు. చాలాసేపు ఆలోచించారు. "చీలును," అన్నారు. పరంధామయ్య కొట్టేసి రాశాడు. నాసరమ్మ కొంచెం తేరుకుంది.

ఆ వారంలోనే మండలం పెద్దమనిషి ఒకాయన సంతాప సభ పెట్టించాడు. బళ్లో పిల్లల్ని ఎండలో నిలబెట్టారు. "ఆ తల్లి నేడు మన మధ్య లేదని ఊహించుకుంటేనే నా గుండె తరుక్కుపోతోంది," అంటూ ఆయన కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. గొంతు పట్టేస్తే మంచినీళ్లు అందించింది నాసరమ్మే. రెండు నిమిషాల మౌనం కూడా ఆమె ముందు వరసలో నిలబడి పాటించింది. ఊరంతా పాటిస్తుంటే తను ఒక్కతే మాట్లాడితే బాగుండదనుకుంది.

ఇక్కడిదాకా నాసరమ్మ నవ్వుకుంటూనే ఉంది. ఊరికి ఇన్నాళ్లకి ఒక కాలక్షేపం దొరికింది, పోనీలే అనుకుంది. నెల తిరిగేసరికి పరంధామయ్య ఒక కాగితం తెచ్చి వసారాలో నిలబడి చదివాడు.

"సదరు గృహము సదరు విమానమార్గమునకు ఎదురుగా ఉండుట చేతనే సదరు ప్రమాదము సంభవించి ఉండును. సదరు విమానము నేటికినీ వారమునకు రెండు పర్యాయములు సదరు మార్గముననే పోవుచున్నది. కావున ముందుజాగ్రత్త చర్యగా సదరు గృహమును తొలగించవలెను. వచ్చే మంగళవారము అధ్యక్షులవారు ప్రమాద స్థలముననే తుది విచారణ జరిపి సంతకము చేయుదురు."

"తొలగించడమంటే?" అంది నాసరమ్మ.

పరంధామయ్య కాగితం మడత పెట్టాడు. మొదటిసారి కాగితం లేకుండా మాట్లాడాడు. "కూలగొడతారమ్మా."

పున్నయ్య అరుగు మీద కూలబడ్డాడు. "విమానం వదిలేసినా వీళ్లు వదల్లేదే," అన్నాడు.

సంగతి తెలిసి ఆదెమ్మ పరుగెత్తుకొచ్చింది. "నాలుగడుగుల్లో తప్పిపోయాం వదినా," అని ముందు అనేసి, ఆ మాటకి తనే సిగ్గుపడి, నాసరమ్మ భుజం మీద తలపెట్టి ఏడ్చింది. నాసరమ్మ ఏడవలేదు. రాత్రి పడుకుని స్లాబుని చూసింది. పొద్దున లేచి మళ్లీ చూసింది. పున్నయ్య కలెక్టర్ కాళ్లు పట్టుకుందామన్నాడు. ఆదెమ్మ కొడుకు కోర్టుకెళదామన్నాడు. ఆమె ఎవరికీ ఔననలేదు, కాదనలేదు. ఆ కాగితం చదివించుకుని వింది. ఆదెమ్మ కొడుకు చేత, దానికి జతచేసిన ఫారంలో పందొమ్మిదో గడి కూడా చదివించుకుని వింది. మళ్లీ చదవమంది. ఆరుసార్లు చదివాక అతనికి నోరు నొప్పి పుట్టింది.

మంగళవారం పది గంటలకి అధ్యక్షులవారు వచ్చి, ముందురోజే మళ్లీ దిద్దించిన ముగ్గు బొమ్మ తొక్కకుండా జాగ్రత్తగా దాటుకుంటూ వసారాలో కుర్చీ వేయించుకున్నారు. పరంధామయ్య ఫైలు విప్పి, కలం మూత తీసి ఆయన చేతికిచ్చాడు. గోడ అవతల ఊరంతా ఉంది.

"మృతురాలు ఏమైనా చెప్పుకొనవలసినది ఉన్నదా?"

నాసరమ్మ కొంగు సర్దుకుంది. "చదువు లేనిదాన్ని. ఒక్క మాట అడుగుతానయ్యా. ఈ ఇల్లు తీసేశారనుకోండి. అప్పుడా విమానం యాడ పడిద్ది?"

"ఖాళీ స్థలమున పడును."

"నేల మీద ఎవరికన్నా ఏమన్నా అయిద్దా?"

"ఎవరికినీ ఏమియు కాదు. అందులకే గదమ్మా తొలగించుట."

"స్లాబు చీలదు. జాడీ పగలదు. నేను చావను. అంతేగా?"

"అంతియే."

"మరి పందొమ్మిదో గడిలో ఏం రాస్తారు?"

అధ్యక్షులవారు నోరు తెరిచారు. గుమాస్తా వైపు తిరిగారు. పరంధామయ్య వంగి మెల్లగా చెప్పాడు. "ఏమీ లేదు అని రాయవలసి వచ్చునండి."

"ఏమీ లేకపోతే ఆ పిల్లోడు ఎందుకు దిగినట్టు? మీరు మూడు జీపుల్లో ఎందుకొచ్చినట్టు? నాకు తెలవక అడుగుతున్నా."

గోడ అవతల ఎవరో కిసుక్కుమన్నారు. అధ్యక్షులవారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని ఫైలు చూశారు. మళ్లీ తీసి తుడుచుకున్నారు.

"నా ఇల్లు ఉంటేనే గదయ్యా, మీ విమానానికి పడేందుకు చోటు," అంది నాసరమ్మ నెమ్మదిగా.

తర్వాత అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు.

"సంఘము ఈ అంశమును మొదటి నుండియు గమనించుచునే ఉన్నది," అన్నారు. "తొలగించవలెను" అన్న మాట కొట్టేసి, పైన "సంరక్షించవలెను" అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేశారు. గోడ అవతల ఈలలు పడ్డాయి. ఆదెమ్మ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. నాసరమ్మ మజ్జిగ తెచ్చేసరికి ఆయన ఇంకా రాస్తూనే ఉన్నారు.

"ఇంకా ఏందయ్యా?"

"ప్రమాదము చెల్లుబాటు కావలెనన్న గృహముతో పాటు మృతులు కూడా యథాస్థానమున ఉండవలెను. కావున విమానము పోవు వేళకు గృహమున ఉన్నవారి హాజరు నమోదు చేయబడును. రిజిస్టరు ఖాళీగా ఉన్న యెడల ప్రమాదము రద్దగును. రద్దయిన యెడల గృహమును గూర్చి పునరాలోచింపబడును."

అలా పరంధామయ్యకి గుండ్లవాగుపాలెం డ్యూటీ పడింది. మంగళ, శుక్రవారాల్లో బస్సు దిగి, అట్టలేసిన పొడుగు రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చి, చెరిగిన ముగ్గు రెక్కలు దిద్ది వసారాలో కూర్చునేవాడు. నాసరమ్మ ఎక్కడ ఉన్నా పరుగెత్తుకొచ్చి ఎదురుగా కూర్చునేది. పదకొండూ నలభై రెండుకి విమానం పోయేది. ఆయన "నాసరమ్మ, మృతి (అంచనా), హాజరు" అని రాసి వేలిముద్ర వేయించుకునేవాడు. ఒక శుక్రవారం ఆమె చెల్లెలి కూతురి సీమంతం మానుకుంది. ఇంకో మంగళవారం సొసైటీలో విత్తనాలిస్తుంటే వరసలోంచి వచ్చేసింది. వచ్చేసరికి విత్తనాలు అయిపోయాయి. పున్నయ్యని కూర్చోబెడదామంటే స్వల్పగాయానికి హాజరు అక్కర్లేదన్నారు.

ఆ తర్వాతి శుక్రవారం చేలో మిరపకాయ కోత. పదహారు మంది కూలీలు పొద్దున్నుంచీ వంగి కోస్తున్నారు. వాళ్లకి తెచ్చిన నీళ్లు అయిపోయాయి. నాసరమ్మ నీళ్లు పట్టుకుపోదామని ఇంటికొచ్చి, క్యాను నింపి నెత్తిన పెట్టుకుని వసారాలోకి వచ్చేసరికి పరంధామయ్య గడియారం చూసుకుంటున్నాడు.

"ఇంకొక్క పదకొండు నిమిషములు కూర్చోండమ్మా."

"చేలో ఆడోళ్లు దాహంతో మాడిపోతన్నారయ్యా."

"నేను మాత్రం ఏం చేసేదమ్మా? రిజిస్టరు ఖాళీగా ఉండకూడదు. ఉన్నచో మీ ఇంటికే ముప్పు."

నాసరమ్మ క్యాను దించలేదు. ఆయన్ని చూసింది, ఆయన ఒళ్లోని రిజిస్టరుని చూసింది.

"ఇంట్లో ఉన్న మనిషి పేరు రాయాలన్నారు. నా పేరే రాయాలని ఉందా అందులో?"

పరంధామయ్య మొదటి పేజీ తిప్పి చదువుకున్నాడు. రెండుసార్లు చదువుకున్నాడు. "గృహమున ఉన్నవారు అని మాత్రమే ఉన్నది."

"ఇంకేం మరి. మీరున్నారుగా," అంది నాసరమ్మ. "ఉట్టి మీద మజ్జిగుంది, పోసుకోండి. గేదె దగ్గరికి పోమాకండి, కొత్తోళ్లని పొడిచిద్ది." చెప్పులేసుకుని చేలో దారి పట్టింది.

పరంధామయ్య కాసేపు ఆమె పోయిన వైపు చూశాడు. పెరట్లోకి వెళ్లి పున్నయ్యని పిలిచాడు. అతనూ చేలోనే ఉన్నాడు. మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఆయన ఏ గడినీ ఖాళీగా వదల్లేదు. కలం మూత తీశాడు. దూరంగా చప్పుడు మొదలైంది. గుండ్రటి అక్షరాలతో, ఎక్కడా కొట్టివేత లేకుండా, "పరంధామయ్య" అని రాశాడు. పక్క గడిలో "మృతి (అంచనా)" అని రాశాడు. దాని పక్కన "హాజరు" అని రాశాడు.

రాసింది తప్పుల్లేవని సరిచూసుకోవడానికి ఒకసారి చదువుకున్నాడు. చప్పుడు ఊరి మీదికి వచ్చింది. అటక మీద జాడీ మూత సన్నగా అదిరింది. పరంధామయ్య మెల్లగా తల పైకెత్తి స్లాబు వైపు చూశాడు. ఒక్క చార కూడా లేదు. అయినా కలం జేబులో పెట్టుకున్నాడు, రిజిస్టరు మూసి కుర్చీలో పెట్టాడు, చెప్పులు చేతిలోకి తీసుకుని, ముగ్గు రెక్కని తొక్కుకుంటూ, ఇంట్లోంచి బయటికి నడిచాడు.